వారం విడిచి వారం

కెనోషా, విస్కాన్సిన్
ఫిబ్రవరి, ఆదివారం

అక్కా,

ఫోను పెట్టేశాక డానికా నవ్వింది. "మీ అక్కాతమ్ముళ్లు ఇంకాసేపు మాట్లాడుకుంటే వాకిట్లో మంచు తవ్వే పని తప్పేది, అదే కరిగిపోయేది" అంది. నా పెళ్లానికి వెటకారం ఎక్కువ. కానీ అబద్ధం చెప్పదు. ఫోనులో మనిద్దరికీ పోట్లాట తప్ప మాట రాదు. ఉత్తరంలో అయితే నువ్వు నా మాటకి అడ్డం రాలేవు. అందుకే రాస్తున్నాను.

మా ఎయిర్‌లైన్సులో కొత్త పైలట్లని తీసుకుంటున్నారు. రెండు వారాలకో బ్యాచి. నీ పేరు నేనే ఇచ్చాను. నీ అనుభవం చూసి వాళ్లు ఎగిరి గంతేశారు. నువ్వు ఊ అంటే చాలు, జూన్ బ్యాచిలో చోటు ఖాయం.

నీ ఉద్యోగాన్ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. డబ్బున్నవాళ్లు నలుగురు కలిసి ఒక జెట్టు వాటాల మీద కొనుక్కుంటే, వాళ్లు ఎక్కడికంటే అక్కడికి దాన్ని తీసుకెళ్లే కెప్టెన్‌వి నువ్వు. మంచిదే. కానీ ఆ వాటాదార్లకి రేపు మార్కెట్లో దెబ్బ తగిలితే? ముందు అమ్ముకునేది ఆ జెట్టునే. మా దగ్గర అలా కాదు. చేరిన రోజున ఒక నంబరు ఇస్తారు. ఇక రిటైరయ్యేదాకా అదే మన జాతకం. ఏ విమానం, ఏ సీటు, ఏ ఊరు, ఏ పండక్కి సెలవు, అన్నీ నంబరే చెబుతుంది. ప్రతి నెలా మాకు కావలసిన రోజులు కోరుకుంటాం. పై నంబరువాడికి ముందు వడ్డన, కింది నంబరువాడికి అడుగూ బొడుగూ. ఒక్క బ్యాచి ఆలస్యమైతే ఆ బ్యాచి మొత్తం జీవితాంతం నీ ముందు నిలబడి ఉంటుంది.

నాన్న సంగతి గుర్తుందిగా. ఆయన కంపెనీ మూతపడ్డాక, నెరిసిన జుట్టుతో ఇంకో కంపెనీలో అందరికంటే కింద చేరాడు. కొడుకు వయసు కుర్రాళ్లు క్రిస్మసుకి ఇళ్లకి పోతుంటే ఆయన విమానం నడిపేవాడు. తలుపు తెరిచి ఉన్నప్పుడే లోపలికి దూరాలిరా అనేవాడు. నేను దూరాను. నువ్వూ రా.

నీ తమ్ముడు
నెల్స్


టీటర్‌బరో, న్యూజెర్సీ
మార్చి

ఒరేయ్ నెల్స్,

పొద్దున బయల్దేరతానన్న పెద్దమనిషి మధ్యాహ్నమైనా రాలేదు. ఆయన కోసం తెచ్చిన చేపలూ, ఆయన కుక్క కోసం ఉడికించి తెచ్చిన కోడీ రెండూ చల్లారిపోయాయి. కుక్కది మళ్లీ వేడి చేయించాను. మనిషైతే సర్దుకుంటాడు. ఈలోగా పైలట్ల గదిలో కూర్చుని నీ ఉత్తరం ఇంకోసారి చదివాను.

నువ్వు చెప్పకుండా దాచిపెట్టినవి కూడా నేను చెబుతాను. నేను పెట్టెలు మోస్తాను. కాఫీ కలుపుతాను. తోలు సీట్ల మీంచి కుక్క వెంట్రుకలు ఏరుతాను. మీ దొరలు కాక్‌పిట్ తలుపేసుకుని కూర్చుంటే వెనక ఎవరున్నారో కూడా తెలియదు. నాకు తెలుసు. ముసలావిడ ఒకావిడ కీమోకి వెళ్లొస్తూ ప్రతిసారీ "మారిట్ ఉందా?" అని అడిగి ఎక్కుతుంది. మీ పెద్ద విమానాలు కలలో కూడా దిగని కొండల మధ్య బుల్లి రన్‌వేల మీద దించుతాను. అదీ కెప్టెన్ కూర్చునే ఎడమ సీట్లో కూర్చుని. నువ్వు ఇన్నేళ్లుగా కుడి సీటు వదలకుండా, మంచి సెలవులొస్తున్నాయని సంబరపడుతున్నావు. ఎవరిష్టం వాళ్లది.

అసలు మాట అది కాదు, నీకూ తెలుసు. కర్టుతో విడిపోయినప్పుడు కోర్టు బ్రిట్టాని మా ఇద్దరికీ వారం విడిచి వారం పంచింది. మా కంపెనీ నన్ను వారం విడిచి వారం ఎగరమంటుంది. ఏడు రోజులు గాల్లో, ఏడు రోజులు డులూత్‌లో ఇంట్లో. రెండూ కొలత పెట్టి కుట్టినట్టు అతికాయి. నేను తిరిగొచ్చిన ఆదివారం అది తన కంటే పెద్దదైన హాకీ సంచీ ఈడ్చుకుంటూ గుమ్మంలోకి వస్తుంది. "తిండేముంది?" అంటుంది. అదే మా ఇద్దరి పలకరింపు.

మీ దగ్గర కింద చేరితే రిజర్వు అంటారుగా. ఫోను పక్కన పెట్టుకుని, ఎప్పుడు పిలుస్తారా అని చికాగోలో పడి ఉండటం. ఏ రోజులు ఇస్తే ఆ రోజులు. మరి నా పిల్ల వారాలు ఏమవుతాయి?

నీకు యూనియన్‌లో నలుగురు తెలుసు, మీటింగులకి పోతావు. వంకర టింకర లేకుండా చెప్పు. నాకు కావలసిన వారాలు నాకు దొరకడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఏడాదైతే పళ్ల బిగువున ఓర్చుకుంటాను, కర్టుని బతిమాలుకుంటాను. అంతకంటే ఎక్కువైతే నాకు వద్దు. జీతం పెరిగినా వద్దు, పెన్షనిచ్చినా వద్దు. బ్రిట్టాకి పదమూడు నిండాయి. అమ్మతో పని ఉండే వయసు ఎంతో కాలం ఉండదు.

అదిగో, కుక్కగారు వేంచేశారు. వెనక పెద్దమనిషి కూడా వస్తున్నాడు.

మారిట్


శాన్ ఆంటోనియో, టెక్సస్
ఏప్రిల్ మొదటి వారం

అక్కా,

ఏడాది. అంతకంటే పట్టదు. ఇది నా మాట.

లెక్క సులువే. రెండు వారాలకో బ్యాచి దిగుతోంది. వాళ్లంతా నీ కింద పడతారు, నువ్వు పైకి తేలతావు. వచ్చే వేసవికల్లా రిజర్వు తప్పి నీకంటూ రోజులు కుదురుతాయి. ఆ తర్వాత వారం విడిచి వారం అమర్చుకోవడం పెద్ద విద్యేం కాదు, నేను నేర్పుతాను. మొన్న మీటింగుకి వెళ్లాను. అక్కడ ఎప్పుడూ ఏవో ఒక మాటలు పుడుతూనే ఉంటాయి. అవన్నీ పట్టుకుంటే ఎవడూ ఏ పనీ చెయ్యడు.

ఒక్కటి మాత్రం విను. చేరితే జూన్ బ్యాచిలోనే చేరు. ఆగస్టు దాకా చూద్దాం, బ్రిట్టా వేసవి సెలవులు అవనీ అనకు. ఎందుకని అడక్కు. ముందొచ్చిన వాడికే ముందు నంబరు, అంతే.

హేజెల్‌కీ ఇడాకీ మారిట్ అత్తయ్య ఇక మన కంపెనీయే అని చెప్పేశాను. చిన్నది "అయితే అత్తయ్య నాన్న కింద పనిచేస్తుందా?" అంది. ఇంట్లో ఒకటే నవ్వు.

నెల్స్


చికాగో
జూలై చివర

ఒరేయ్ తమ్ముడూ,

నీ మాట నెగ్గింది. నేనిప్పుడు పెద్ద విమానాల దొరసానిని. ఎడమ సీటు నుంచి కుడి సీటుకి, కెప్టెన్ నుంచి కొత్త పిల్లకి. ట్రైనింగులో నా పక్కన కూర్చున్న కుర్రాడు నన్ను టీచరనుకుని తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఒకే బ్యాచిలో వాళ్లకి వయసును బట్టి నంబర్లిస్తారని నువ్వు చెప్పలేదేం? మా బ్యాచిలో అందరికంటే ముసలిదాన్ని నేనే, కాబట్టి పైనంబరు నాదే. ముడతలకి కూడా ఒక ప్రయోజనం ఉందని ఇప్పుడు తెలిసింది.

పాత కంపెనీలో చివరి రోజున ఆ కీమో ముసలావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "నువ్వెళ్లిపోతే నాకు మెట్లు దిగాలంటే భయం" అంది. పెద్ద ఎయిర్‌లైన్సుకి వెళ్తున్నానని చెబితే, "అక్కడ నీ పేరెవరు అడుగుతారు తల్లీ?" అంది.

కర్టుతో మాట్లాడాను. వంటింట్లో నిలబెట్టే మాట్లాడాడు, కూర్చోమనలేదు. "ఒక్క ఏడాది, మారిట్. నువ్వు రాలేని వారాలు నేను చూసుకుంటాను. ఏడాది తర్వాత కూడా ఇదే పాట అయితే నన్నడగొద్దు, జడ్జినడుగు" అన్నాడు. కోపంగా అనలేదు. అతనితో చిక్కే అది, ఎప్పుడూ న్యాయమే మాట్లాడతాడు. మా తమ్ముడు యూనియన్ వాడు, వాడికి లోపలి సంగతులు తెలుసు, ఏడాదే అన్నాడు అని చెప్పొచ్చాను.

బ్రిట్టా నీ నంబరెంత అని అడిగింది. చెప్పాను. "అమ్మో, నువ్వు చిట్టచివరా?" అంది. ఇవాళ్టికి అంతే, రేపు నా వెనక చాలామంది వస్తారు అన్నాను.

చికాగోలో మా బస ఎలా ఉందో చెప్పను. ఒక్క ఫ్లాటులో మంచం మీద మంచం, ఎవరి వాసనలు వాళ్లవి. నాకు పై మంచం దొరికింది. ఇక్కడ మాత్రం పైనే ఉన్నాను.

మారిట్


చికాగో
అక్టోబరు

నెల్స్,

నువ్వు విన్నావో లేదో. విమానాలు చేసే ఫ్యాక్టరీ సకాలంలో ఇవ్వలేకపోతోందట. వచ్చే నెల, వచ్చే నెల అంటూ వాయిదా వేసి, చివరికి కొత్త బ్యాచిలు ఆపేశారు. ఎప్పుడు మొదలవుతాయో తెలియదట. మా జూన్ బ్యాచే ఆఖరిది. నా కింద మా బ్యాచి పిల్లలే, ఇంకెవరూ లేరు. వాళ్ల కింద నేల.

నువ్వు బాధపడతావని తెలుసు, అందుకే ముందే రాస్తున్నాను. ఇందులో నీ తప్పేం లేదురా. నువ్వు మంచి కోరే చెప్పావు. ఫ్యాక్టరీ వాడి మనసులో ఏముందో నీకెలా తెలుస్తుంది? కర్టుకి కూడా అదే చెప్పాను. "మా తమ్ముణ్ణి ఏమీ అనకు, వాడికీ ఇది దెబ్బే" అన్నాను.

పాత కంపెనీకి ఫోను చేశాను. రమ్మన్నారు, కాకపోతే మొదటి నుంచి మొదలు, అది కూడా వాళ్లు మళ్లీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు. కెప్టెన్ కుర్చీ ఇచ్చేసి వచ్చినదాన్ని, దులిపి మళ్లీ నాకు వెయ్యరు కదా.

గురువారం బ్రిట్టా మొదటిసారి స్కూలు హాకీ టీములో గోల్ కాసింది. అది నా వారం. నాకు చికాగోలో రిజర్వు పడింది. యూనిఫాం వేసుకుని, ఫోను మోకాలి మీద పెట్టుకుని, పొద్దుట్నుంచీ కూర్చున్నాను. పిలిస్తే వెళ్లాలిగా. ఒక్కసారి కూడా మోగలేదు నెల్స్. ఎవరూ పిలవలేదు. ఆట అయిపోయాక కర్టు ఫొటో పంపాడు. ముఖానికి హాకీ ముసుగు ఉంది, నవ్వుతోందో లేదో తెలియలేదు. ఏదైనా విమానం నడుపుతూ తప్పిపోయి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు.

కర్టు కోర్టుకి వెళ్తానంటున్నాడు. బ్రిట్టాని పూర్తిగా తన దగ్గరే ఉంచమని. తప్పని ఎలా అనను? నా వారాల్లో సగానికి పైగా అది అక్కడే ఉంటోంది.

నువ్వు మాత్రం మనసులో పెట్టుకోకు. మొన్న డానికా గిన్నెలో పెట్టి పంపిన కూర బావుంది, ఆ గిన్నె నా దగ్గరే ఉండిపోయింది.

అక్క


కెనోషా
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయలేకపోయాను. నువ్వు తిట్టి ఉంటే ఆ రోజే రాసేవాణ్ణి. నన్ను వెనకేసుకొచ్చావు. కర్టు ముందు కూడా వెనకేసుకొచ్చావట.

నాకు తెలుసు. మార్చి నెలలోనే తెలుసు.

యూనియన్ మీటింగయ్యాక కమిటీలో నాకు బాగా కావలసినవాడు పక్కకి పిలిచి చెప్పాడు. విమానాలు రావడం లేదు, జూన్‌తో తలుపు మూస్తున్నారు, ఎక్కడా నోరు జారకు అన్నాడు. ఇంటికొచ్చేసరికి టీటర్‌బరో నుంచి నీ ఉత్తరం వచ్చి ఉంది. ఎన్నాళ్లు పడుతుంది, నిజం చెప్పు అని అడిగావు. ఆ ఉత్తరం తీసుకుని డ్యూటీ మీద శాన్ ఆంటోనియో వెళ్లాను. దాన్ని ఎదురుగా పెట్టుకునే, ఏడాది అని రాశాను.

నిజం చెబితే నువ్వు రావు. నువ్వు రాకపోతే తలుపు మూసుకుపోతుంది, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు. లోపలికి వచ్చి పడితే చాలు, రెండు మూడేళ్లు కష్టపడ్డా చివరికి నన్ను మెచ్చుకుంటుంది అనుకున్నాను. నాన్న తల నెరిశాక పడ్డ పాట్లు నీకు రాకూడదనుకున్నాను. బ్రిట్టా వారాల మాట నాకు మాటలాగే వినిపించింది. మా ఇంట్లో పిల్లలు రోజూ కనిపిస్తారు కాబట్టి, వారానికి ఎంత విలువో నాకు తట్టలేదు.

ఇక్కడితో ఆపితే మంచివాడిలా మిగిలిపోతాను. ఇంకోటి కూడా ఉంది. చిన్నప్పటి నుంచీ నువ్వే ముందు. ముందు విమానం నేర్చుకుంది నువ్వు, ముందు కెప్టెన్ అయ్యింది నువ్వు. పండక్కి కలిసినప్పుడల్లా కుడి సీటు కుర్రాడు అంటూ నా భుజం తట్టేదానివి. నువ్వు మా జాబితాలో నా కింద, ఎక్కడో అట్టడుగున చేరతావన్న ఊహ నాకు తియ్యగా తోచింది. ఇడా అన్న మాటకి అందరి కంటే గట్టిగా నవ్వింది నేనే.

నేనిప్పుడు ఏం చేసినా నీకు పనికిరాదు. నా నంబరు నీకిచ్చే వీల్లేదు. నా రోజులు నేను వదులుకున్నా అవి నీకు రావు, నా తర్వాతి నంబరువాడికి పోతాయి. మన ఇద్దరి మధ్యా అంతమంది ఉన్నారు. క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

నెల్స్


చికాగో
నవంబరు

శ్రీ నెల్స్ హౌగెన్ గారికి,

మీ ఉత్తరం అందింది.

మీరు చెప్పింది నమ్మి నా కూతురికీ, దాని తండ్రికీ మాటిచ్చాను. మీ తరఫున వాదించాను కూడా. ఇప్పుడు ఆ వాదించిన మాటలన్నీ వెనక్కి మింగాలి. అవి మీరు మింగవలసినవి.

నా కోసం అబద్ధమాడారని రాశారు. సంతోషం. ఎవరి కోసమో వాళ్లని అడిగి ఆడవలసింది.

మీ పిల్లలకి ఆశీస్సులు. డానికా గారి గిన్నె పైలట్ల ఆపరేషన్స్ గదిలో మీ పేరు రాసి పెట్టాను. తీసుకోగలరు.

మారిట్ హౌగెన్


కెనోషా
డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరంలో "మీరు" అన్న మాట ఒక్కొక్కటీ కొట్టినట్టే తగిలింది. తగలాల్సిందే.

నేను ఒకటి కనిపెట్టాను. చదివి చించేసినా సరే, చదువు. మామూలు రోజులవాళ్లు రిజర్వువాళ్లతో మార్చుకోవడానికి లేదు. కానీ రిజర్వువాడు ఇంకో రిజర్వువాడితో రోజులు మార్చుకోవచ్చు. రోజుకి రోజు. ఎవరి నంబరెంతైనా ఫర్వాలేదు, మధ్యలో ఎవరూ రారు. ఇన్నేళ్లుగా రిజర్వు మొహం చూడలేదు గనక ఆ సంగతి నాకు గుర్తే లేదు.

జనవరికి నేను రిజర్వు కోరుకున్నాను. నా నంబరుతో అడిగితే కాదనేవాడు లేడు. సెలవులు కూడా నాకు కావలసినవే ఇచ్చారు. బ్రిట్టా నీ దగ్గరుండే వారాలన్నీ నాకు సెలవు పెట్టించుకున్నాను. ఆ వారాల్లో నీకు పడిన డ్యూటీ రోజులన్నీ మార్పిడి బోర్డు మీద పెట్టు. నేను తీసుకుంటాను. మిగతా వారాల్లో నావి నువ్వు తీసుకో.

నాతో మాట్లాడక్కర్లేదు. బోర్డు మీద రోజులు పెడితే చాలు.

నెల్స్


డులూత్, మిన్నెసోటా
ఫిబ్రవరి

నెల్స్,

రోజులు తీసుకున్నాను. క్షమించి తీసుకోలేదు, అవసరమై తీసుకున్నాను. రెండూ ఒకటనుకోకు.

నువ్వు చికాగోలో ఎలా మాటపడుతున్నావో నాకు తెలుస్తూనే ఉంది. మొన్న ఆపరేషన్స్ గదిలో ఎవడో అంటున్నాడు: "హౌగెన్‌కి మతిపోయిందిరా. ఆ నంబరు పెట్టుకుని రిజర్వులో కూర్చోవడమేంటి? పెళ్లాం గెంటేసిందేమో!" ఇంకోడు "ఆ నంబరు నాకివ్వు బాబూ, నేను హవాయిలో పడుంటా" అన్నాడు. నా చొక్కా మీద కూడా హౌగెన్ అనే ఉంది. చూసి నోరు మూసుకున్నారు.

నెలన్నర నుంచీ నా వారాలన్నీ ఇంట్లోనే ఉన్నాను. బ్రిట్టా వస్తోంది. మొదటి వారం సంచీ విప్పకుండా గుమ్మం దగ్గరే పెట్టుకుంది. ఇప్పుడు విప్పుతోంది. నిన్న వైల్డ్ రైస్ సూపు చేస్తే, మాట్లాడకుండా రెండోసారి వడ్డించుకుంది. సరస్సు గడ్డకట్టింది, దాని మీద ఇద్దరం నడిచొచ్చాం. ఇది నువ్వు ఇచ్చిందే, కాదనను. పాడు చేసింది కూడా నువ్వేనని నడుస్తున్నంతసేపూ గుర్తుంది.

కోర్టు మార్చిలో. ఈ రెండు నెలలూ చూపిస్తే జడ్జి ఆలోచిస్తారని లాయరు అంటున్నాడు.

డానికాకి చెప్పావా?

మారిట్


చికాగో
ఫిబ్రవరి చివర

అక్కా,

నువ్వు పడుకున్న పై మంచమే నాకూ దొరికింది. పైకప్పు ముక్కుకి తగులుతోంది.

డానికాకి మొదట్లో చెప్పలేదు. కంపెనీ వేసిందన్నాను. ఒక అబద్ధం కడుక్కోవడానికి ఇంకోటి. చివరికి అసలు సంగతి తనే పట్టేసింది. గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా అంది: "మీ అక్కకి నువ్వు చేసిన పాపం మన పిల్లలు కడుగుతున్నారా?" గిన్నె బోర్లించి, "ఇడా పుట్టినరోజు నాడు నువ్వు లేకపోతే నేను సర్ది చెప్పాను. నేను సర్దిచెప్పింది ఎవరి కోసమో కూడా నాకు తెలీదు" అంది.

అరిచి ఉంటే బావుండేది. ఆ తర్వాత ఆపెయ్యమని మాత్రం అనలేదు. "కోర్టు అయ్యేదాకా" అంది.

మంచి జరుగుతుంది అక్కా. జరగాలి. నేను ఆ రోజు నీ డ్యూటీలోనే ఉంటాను.

నెల్స్


డులూత్
మార్చి

నెల్స్,

ఓడిపోయాను.

జడ్జి బ్రిట్టాని ఒక్కదాన్నీ తన గదిలోకి పిలిచి మాట్లాడింది. నేనూ కర్టూ బయట బెంచీకి రెండు చివర్లా కూర్చున్నాం. బయటికొచ్చాక అది ఎవరి వైపూ చూడలేదు. స్కూలున్నన్నాళ్లూ కర్టు దగ్గరే ఉంటుందని తీర్పిచ్చారు. నా దగ్గరికి తనకి ఇష్టమైనప్పుడు రావచ్చట. నాకంటూ వారాలు లేవు ఇక.

కారు దాకా నాతో నడిచొచ్చింది. సరస్సు మీంచి గాలి కోసేస్తోంది. తనే మొదలుపెట్టింది. "నేనే చెప్పానమ్మా. నాన్న చెప్పమనలేదు."

"ఏం చెప్పావే?"

"నువ్వు ఇప్పుడు వస్తున్నావని చెప్పాను. వచ్చే నెల వస్తావో రావో నీకే తెలీదని కూడా చెప్పాను. సంచీ సర్దుకోవడం, నువ్వు రావని ఫోనొస్తే మళ్లీ విప్పుకోవడం... నాకు విసుగొచ్చిందమ్మా. ఒక ఇంట్లో ఉంటాను."

రోజులు మార్చుకుంటున్నామని చెప్పాలనిపించింది. మీ మామయ్య రిజర్వులో కూర్చుని నాకు వారాలు కొనిపెడుతున్నాడే అని చెప్పాలనిపించింది. పిల్లకి ఆ బరువెందుకు? దాని నెత్తి మీది టోపీ సరిచేశాను.

నెల్స్, డానికా నాకు ఫోను చేసింది. నువ్వు చెయ్యమన్నావో లేదో. చాలా మర్యాదగా మాట్లాడింది. కోర్టు సంగతి విని నిజంగానే బాధపడింది. తర్వాత అంది: "ఇంక ఆయన మామూలు రోజులకి వచ్చెయ్యొచ్చు కదా వదినా?" అడగలేక అడిగింది. హేజెల్ నిద్రపోయే ముందు నాన్న ఏ వారం వస్తాడని లెక్కపెట్టుకుంటోందట. ఆ మాట వినగానే అవునమ్మా, వచ్చెయ్యమను, ఇవాళే రాస్తానన్నాను. రాయడానికే కూర్చున్నాను కూడా. నువ్వు చేసింది చాలు, ఇంటికి పో అని మొదలుపెట్టిన కాగితం ఇక్కడే ఉంది.

ఈలోగా బ్రిట్టా ఫోను చేసింది. తీర్పయ్యాక మొదటిసారి. ఏదో లెక్కల పరీక్ష గురించి మాట్లాడింది. పెట్టెయ్యబోతూ, "అమ్మా, నువ్వు ఇంట్లో ఉండే వారాలు పాతవేనా? ఎప్పుడైనా చెప్పకుండా వచ్చేస్తే ఉంటావా?" అంది.

ఉంటానన్నాను. ఆలోచించకుండా అనేశాను.

రావచ్చు, రాకపోవచ్చు. స్నేహితులుంటారు, ఆటలుంటాయి. నెల మొత్తం రాకపోయినా ఆశ్చర్యం లేదు. కానీ వచ్చిన రోజున తాళం వేసి ఉండకూడదు. ఒక్కసారి వేసి ఉందా, మళ్లీ రాదు. దాన్ని కన్నదాన్ని, నాకు తెలుసు.

కాబట్టి మొదటి కాగితం చించేశాను. ఏప్రిల్‌కి కూడా రిజర్వే కోరుకో. మే నెలకి కూడా. నీ చేత తప్పు దిద్దించడానికి అడగడం లేదు, దిద్దుకునే గడువు అయిపోయింది. డానికాకి మాటిచ్చి తప్పుతున్నాను. నీ పిల్లల వారాలు తీసుకుని, వస్తుందో రాదో తెలియని నా పిల్ల కోసం ఖాళీ ఇంట్లో కూర్చోబోతున్నాను. అన్నీ తెలిసే అడుగుతున్నాను. నువ్వు కాదనలేవని కూడా తెలుసు.

చివర్లో పిల్లలకి నా ముద్దులు అని రాయబోయి ఆగాను. ఏ మొహం పెట్టుకుని రాయను?

అక్క